ఓడ ఎక్కని గుడ్డబొమ్మ

మా ఆడపడుచు మనవరాలి పుట్టినరోజుకి ఎవరో ఒక బొమ్మల పుస్తకం తెచ్చారు. గట్టి అట్ట, నున్నటి కాగితం, అట్ట మీద గళ్ళ గౌను వేసుకున్న గుడ్డబొమ్మ. కేకు కోసే హడావిడిలో ఆ పుస్తకం సోఫా మీద నా పక్కకి వచ్చి పడింది. బొమ్మని చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్న పుస్తకమే, కొత్త అచ్చు.

ఈ అచ్చులో కథకి ముందు ఆ బొమ్మ చరిత్ర కూడా రాశారు. ఎక్కడో చలిదేశంలో ఒక ముసలావిడ పాత కిటికీ తెర కత్తిరించి మనవరాలికి కుట్టిన బొమ్మట అది. మనవరాలు పెద్దదయ్యాక దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని కథలు రాసిందట. అసలు బొమ్మ ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉందనీ, ముఖం వెలిసిపోయినా పిల్లలు వరసకట్టి చూసిపోతారనీ రాశారు. ఈ రోజుల్లో మనుషుల సంగతే పట్టించుకునే దిక్కు లేదు, బొమ్మకి మాత్రం బాగానే జరుగుతోంది అనుకున్నాను.

ఆ పుస్తకంలో బొమ్మని చూసి కుట్టిన బొమ్మ ఇంకొకటి ఉండేది. దాని చరిత్ర ఎవరూ రాయలేదు. తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. కేకు ముక్క చేతిలో పట్టుకుని, ఎవరు ఏం అడుగుతున్నారో వినిపించుకోకుండా అక్కడే కూర్చుండిపోయాను.

అప్పుడు మేం ఒమాన్‌లో, రుస్తాఖ్‌లో ఉండేవాళ్ళం. మేం అంటే అమ్మా నేనూ. అమ్మ ఆ ఊరి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. నాన్న మస్కట్ పక్కన అల్ హైల్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు. కంపెనీ ఇచ్చిన రూమ్‌లో ఇంకా కొంతమంది మగాళ్ళతో కలిసి ఉండేవాడు, అక్కడ ఆడపిల్లని ఉంచుకోవడం కుదరదు. గురువారం మధ్యాహ్నం టాక్సీలో వచ్చి, శుక్రవారం సాయంత్రం వెళ్ళిపోయేవాడు. ఆయన చేతులు ఎంత తోమినా గోళ్ళ సందుల్లో గ్రీజు నలుపు ఉండేది. అన్నం కలుపుతుంటే నేను ఆ గోళ్ళే చూస్తూ కూర్చునేదాన్ని.

నాకు బడి లేదు. మన పిల్లలు చదివే బడి మస్కట్‌లో ఉంది గాని రుస్తాఖ్‌లో లేదు. అందుకని అమ్మ మస్కట్ ఆసుపత్రికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంది. అది వస్తే ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటాం, నేను బడికి వెళతాను. రాకపోతే నన్ను ఇండియా పంపి మిషన్ హాస్టల్లో చేరుస్తారు. పెద్దవాళ్ళు ఈ మాటలన్నీ నేను అక్కడ లేనట్టే నా ముందే మాట్లాడుకునేవారు. నాకు కావలసింది ఒక్కటే, అమ్మ దగ్గర ఉండటం. ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మా క్వార్టర్ ఆసుపత్రి వెనకే. ఒక గదిలో మేం, ఇంకో గదిలో ఏలూరు ఆంటీ. ఆంటీ కూడా నర్సే. అమ్మకంటే వయసులో పెద్దది, పెళ్ళి చేసుకోలేదు. నిద్రపోతున్నప్పుడు తప్ప నోరు మూసుకునేది కాదు. ఇద్దరికీ వేరే వేరే షిఫ్టులు పడితే ఎవరో ఒకరు ఇంట్లో ఉండేవారు. ఇద్దరికీ పొద్దుటి డ్యూటీ పడిన రోజున బయట తాళం వేసి వెళ్ళేవారు, లోపల నేనొక్కదాన్నే.

అమ్మ వెళ్ళేముందు పప్పన్నం కలిపి గిన్నెలో మూతపెట్టి, అంచున గోంగూర పచ్చడి కొంచెం పెట్టేది. ఆ పచ్చడి సీసా అమ్మమ్మ పంపింది. అయిపోతుందని అమ్మ దాన్ని కొంచెం కొంచెమే తీసేది. గంజి పెట్టిన యూనిఫాం వాసన గదిలో కాసేపు ఉండి పోయేది. తర్వాత ఏసీ మోత ఒక్కటే. కిటికీలోంచి చూస్తే గోధుమరంగు కొండలు, వాటి మీద ఒక్క చెట్టు కూడా ఉండేది కాదు. అప్పుడప్పుడు ఒక మేక వచ్చి మా డస్ట్‌బిన్ మూత తోసి, లోపలికి తలపెట్టి చూసి పోయేది. మేక రాని రోజున నాకు ఏడుపొచ్చేది. అంత ఒంటరిగా ఉండేది నాకు.

ఏం తోచక దిండ్లకి ఇంజెక్షన్లు చేసేదాన్ని. ఏలూరు ఆంటీ పాలపొడి డబ్బా తెరిచి చెంచాడు పొడి నోట్లో వేసుకునేదాన్ని. అది అంగిట్లో అంటుకుపోయి, నాలుకతో గీకి గీకి తినడానికి బోలెడంత సేపు పట్టేది. అదొక కాలక్షేపం. ఆంటీ కనిపెట్టి డబ్బా మీద పెన్నుతో గీత గీసింది. నేను ఆ గీత చెరిపి కొంచెం కింద ఇంకోటి గీశాను.

"ఈ పాలపొడికి ఏదో జబ్బు చేసిందే. రోజురోజుకీ చిక్కిపోతా ఉంది" అంది ఆంటీ, డబ్బా ఊపి చూసి. నన్ను మాత్రం ఏమీ అనలేదు.

ఆ పుస్తకం మాకు చేరింది కూడా ఆసుపత్రి నుంచే. ఒక విదేశీ నర్సు ఉద్యోగం మానేసి వాళ్ళ దేశం వెళ్ళిపోతూ సామానంతా పంచిపెట్టింది. ఏలూరు ఆంటీకి ఇస్త్రీపెట్టె దక్కింది, అమ్మకి ఈ పుస్తకం. అమ్మ మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, కొప్పు విప్పి, పిన్నులు నోట్లో పెట్టుకుని మంచం మీద వాలేది. నేను పక్కన చేరి పుస్తకం ఇచ్చేదాన్ని. అమ్మ పేజీ లోపల్లోపల చదువుకుని తెలుగులో చెప్పేది. మందుల పేర్లు గడగడా చెప్పే మనిషి, కథ దగ్గరికి వచ్చేసరికి మధ్యమధ్యలో ఆగేది. ఇంగ్లీషు కష్టంగా ఉందేమో అనుకునేదాన్ని.

కథలో బొమ్మ ఒక పెద్ద ఇంట్లో ఉంటుంది. పింగాణీ బొమ్మలు దాన్ని చూసి వెక్కిరిస్తాయి. అది బీరువా వెనక పడిపోతుంది. ఎలుక దాని గౌను కొరుకుతుంది. ఎవరో తీసి ఉతికి, క్లిప్పులు పెట్టి దండెం మీద ఆరేస్తారు. దండెం మీద తలకిందులుగా వేలాడే బొమ్మ దగ్గర నేను ప్రతిసారీ ఆపించి మళ్ళీ చెప్పించుకునేదాన్ని. అలాంటి బొమ్మ నాకూ కావాలన్నాను. ఆ మాట రోజూ అనడంతో అమ్మ ఓపిక పోయి నన్ను టైలర్ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆసుపత్రికి ఎదురుగా బజార్లో ఆ టైలర్ కొట్టు. ఆయనది కడప. ఇంట్లో హిందీలా ఉండే వాళ్ళ మాట మాట్లాడుకునేవారట, మాతో మాత్రం కడప తెలుగే. రోజంతా ఒమానీల తెల్ల దిష్‌దాషాలు కుట్టేవాడు. ఆ పొడుగు చొక్కాల కత్తిరింపు ముక్కలు మిషను కింద తెల్లగా గుట్టపడి ఉండేవి. కొట్లోకి అడుగుపెడితే కొత్త బట్ట వాసన, మిషను నూనె వాసన, పక్క కొట్టు వాళ్ళు వేసిన సాంబ్రాణి పొగ కలిసి వచ్చేవి. నేను ఆయన్ని టైలర్ మామ అనేదాన్ని.

అమ్మ పుస్తకం చూపించింది. ఆయన అద్దాలు పైకి తోసుకుని బొమ్మని బాగా చూశాడు.

"కుట్టిస్తాలే సిస్టరమ్మా. కాళ్ళూ చేతులూ గౌనూ అన్నీ కుట్టిస్తా. ముఖం మాత్రం నేను పెట్టను" అన్నాడు.

"అదేంటన్నా, ముఖం లేకుండా బొమ్మెట్టా?" అంది అమ్మ.

"మా సాయిబులకు ఆ పని లేదమ్మా. కండ్లూ ముక్కూ పెట్టేది పైనుండే ఆయన పని. మీరు ఇంటికి పోయి ఏమైనా పెట్టుకోండి, నేను చూడను పో" అని నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "మా పాప గూడా నీయంతే ఉంటాది. చూసి చానా దినాలాయ" అన్నాడు. కొలత కోసం నన్ను నిలబెట్టి, నా చెయ్యి పొడుగు చూసుకుని, అంత పొడుగు బొమ్మకి గుడ్డ కత్తిరించాడు.

బొమ్మ ఒంటికి దిష్‌దాషా తెల్లగుడ్డ, గౌనుకి ఏలూరు ఆంటీ చిరిగిన గళ్ళ లుంగీ. లోపల కూరడానికి ఆయన కత్తిరింపు ముక్కలు ఇస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. నేల మీద పడిన గుడ్డలు పిల్ల కౌగిలించుకునే బొమ్మలో పెడతామా, శుభ్రమైన దూది ఉండగా, అంది. నర్సుకి శుభ్రమైన దూది అంటే ఇంకేముంది, ఆసుపత్రి దూది చుట్టే. మందుల షాపులో ఒక చుట్ట కొనుక్కొచ్చి, చేతులు సబ్బుతో కడుక్కుని మరీ కూరింది. ఆ దూది తయారుచేసేదే నెత్తురూ నీళ్ళూ పీల్చుకోవడానికని, రోజూ వాడే మనిషికి ఆ నిమిషంలో తోచలేదు.

ముఖం కూడా అమ్మే పెట్టింది. గడువు దాటిందని పారేయబోయే పొట్లంలోంచి కుట్లు వేసే నల్ల సిల్కు దారం, వంకీ సూది తెచ్చుకుంది. డాక్టరు వేసే ముడి వేసి కళ్ళు కుట్టింది. నోరు దగ్గరికి వచ్చి ఆగి, నవ్వుతున్నట్టు పెట్టనా అని నన్ను అడిగింది. పెట్టమన్నాను. ఎన్నిసార్లు విప్పి కుట్టినా ఆ నోరు పైకి వంగలేదు, తిన్నగా గీతలాగే వచ్చింది.

ఏలూరు ఆంటీ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగానే ఉంది గానీ, ఇది నవ్వే రకం కాదు. నైట్ డ్యూటీ దిగొచ్చిన నర్సులా ఉంది. జ్వరం చూశారా దీనికి?" అని, రోగుల చేతికి కట్టే పట్టీ తెచ్చి బొమ్మ చేతికి కట్టింది. ఆ రోజు నుంచి ఆవిడ దాన్ని పేషెంటు అనే పిలిచేది. పేషెంటు అన్నం తిన్నదా, పేషెంటుకి విరేచనం అయిందా అని రోజూ అడిగేది. నేను గంభీరంగా జవాబు చెప్పేదాన్ని. తాళం వేసిన ఇంట్లో ఇప్పుడు నేను ఒక్కదాన్నే కాదు. మేక వచ్చినా రాకపోయినా పట్టించుకోవడం మానేశాను.

శుక్రవారం మా ఇంట్లో ఆరాధన జరిగేది. ఆ దేశంలో శుక్రవారమే సెలవు, అందుకని మా ఆదివారం కూడా శుక్రవారమే. డ్యూటీ లేని నర్సులు, కొండల అవతల బహ్లా ఊరి నుంచి ఒకరిద్దరు తెలుగువాళ్ళు వచ్చి చాపల మీద కూర్చుని కీర్తనలు పాడేవారు. ప్రార్థన ఏలూరు ఆంటీది. "ప్రభువా, ఈ బిడ్డ తల్లికి మస్కట్ ట్రాన్స్‌ఫర్ దయచెయ్యి. నీ చిత్తం కాకపోతే హాస్టల్లో సీటన్నా దయచెయ్యి" అని రెండూ ఒకే ఊపిరిలో అడిగేసేది. నేను కళ్ళు మూసుకుని, మొదటిది మాత్రమే విను దేవుడా, రెండోది వినకు అని లోపల దిద్దేదాన్ని.

ఆరాధన అయ్యాక చేపల పులుసు, అన్నం. చింతపండు పులుసు వాసన మీద పెద్దవాళ్ళ మాటలు నడిచేవి. ఎవరి పిల్లలు ఎక్కడ చదువుతున్నారు, ఏ హాస్టల్లో తిండి బాగుంటుంది, ఏ వార్డెనమ్మ కొడుతుంది. నాన్న ముళ్ళు తీసిన చేపముక్క నా కంచంలో వేసేవాడు.

"ఒక ఏడు చూద్దామా?" అన్నాడొకసారి, మెల్లిగా.

"ఇప్పటికే ఒక ఏడు పోయింది" అంది అమ్మ. "తాళం వేసి వెళుతున్నాను దాన్ని. వార్డులో ఏ పిల్ల ఏడ్చినా ఇదే గుర్తొస్తుంది నాకు." నాన్న ఇంకో ముక్కకి ముళ్ళు తీయడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాతే కథలోకి ఓడ వచ్చింది. ఒకరోజు అమ్మ చివరి పేజీల దగ్గర చాలాసేపు ఆగి, బొమ్మ పెద్ద ఓడెక్కి సముద్రం దాటి ఇంకో ఇంటికి వెళ్ళిందని చెప్పింది. ఆ ఇంట్లో బోలెడంతమంది పిల్లలు. పొద్దున్నే గంట కొడతారు, అందరూ వరసగా కూర్చుని అన్నం తింటారు, సాయంత్రం పాటలు పాడతారు. బొమ్మ మొదట్లో ఏడ్చింది, తర్వాత మానేసింది.

"మరి దాని పిల్ల?" అన్నాను.

"సెలవులకొచ్చి చూసి వెళ్ళేది."

"ఓడ బొమ్మ ఏదీ?"

"ఆ పేజీ చిరిగిపోయిందే" అంది అమ్మ, పుస్తకం మూసి.

నాకు ఆ ఓడ నచ్చలేదు. గుడ్డబొమ్మ సముద్రం మీద ఎలా వెళుతుందో అర్థం కాలేదు. ఏలూరు ఆంటీ మధ్యాహ్నం నిద్రపోతున్న ఒక రోజు బొమ్మని తీసుకుని తలుపు తీసుకుని బయటపడ్డాను. ఊళ్ళో ఖర్జూరం తోటల్లోకి నీళ్ళు పారే సన్నటి కాలవ ఉంది, ఫలజ్ అంటారు. ఎండ నడినెత్తిన ఉంది, తోటలోకి వెళ్ళేసరికి చల్లబడింది. పండి రాలిన ఖర్జూరాల తీపివాసన, తడిమట్టి వాసన. బొమ్మని వెల్లకిలా నీళ్ళ మీద పడుకోబెట్టాను. కాసేపు చక్కగా తేలింది. నేను గట్టు మీద పక్కనే నడిచాను. అంతలో బొమ్మ బరువెక్కింది. ముందు కాళ్ళు మునిగాయి, తర్వాత పొట్ట. అమ్మ కడిగిన చేతులతో కూరిన ఆ దూది కాలవంతా తాగడం మొదలుపెట్టింది. నేను చూస్తుండగానే ముఖం కూడా నీళ్ళలోకి పోయి, బొమ్మ అడుగున దొర్లుకుంటూ వెళ్ళిపోయింది.

నేను అరుస్తూ పరిగెత్తాను. దిగువన ఒక ముసలావిడ గిన్నెలు కడుక్కుంటోంది. ముఖానికి అక్కడి ఆడవాళ్ళు పెట్టుకునే నల్ల ముసుగు. ఆవిడ చెయ్యి ముంచి బొమ్మని పట్టుకుని పైకి లాగింది. పిండుతుంటే నీళ్ళు ధారగా కారాయి. బొమ్మ తిన్నటి నోరు చూసిందో, నా ఏడుపు చూసిందో, "మిస్కీనా, మిస్కీనా" అంది. పాపం అని. ఆ మాట నాకు ఆసుపత్రి వరండాలో విని తెలుసు. కొంగులోంచి ఖర్జూరాలు తీసి నా చేతిలో పెట్టి, మా క్వార్టర్ల దాకా వచ్చి దిగబెట్టింది.

ఏలూరు ఆంటీ కంగారుపడి లేచి కూర్చుంది. చెంప మీద ఒకటి వేసి, వెంటనే దగ్గరికి తీసుకుంది. బొమ్మని దండెం మీద ఆరేసి క్లిప్పులు పెట్టింది. నేను వెక్కుతూ పుస్తకం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ఓడెక్కితే మునిగిపోతుంది ఆంటీ. దాంట్లో మునగలేదా? చదివి చెప్పు" అన్నాను.

"ఓడేంటే?" అంది ఆవిడ.

చివరి పేజీలు తీసి, వేలు పెట్టుకుని చదివింది. బొమ్మని ఇంట్లోకి తెచ్చారట, కుర్చీలో కూర్చోబెట్టారట, ఆ పిల్లా బొమ్మా మళ్ళీ ఎప్పుడూ విడిపోలేదట, అయిపోయింది. "ఓడ లేదు, గీడ లేదు. ఎవరు చెప్పారు నీకు?" అంది. నేను పేజీల కింద అంకెలు చూశాను. అంకెలు నాకు వచ్చు. వరసగా ఉన్నాయి, ఒక్కటీ తప్పలేదు. ఏ పేజీ చిరగలేదు. ఆంటీ నా ముఖం చూసి, ఇంకో మాట అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ అలా నోరు మూసుకోవడం నేను చూసింది అదొక్కసారే.

సాయంత్రం అమ్మ వచ్చింది. బూట్లు విప్పుతుండగానే అడిగాను.

"కథలో ఓడ లేదంటమ్మా."

అమ్మ రెండో బూటు విప్పడం ఆపింది. "లేదు. నేనే పెట్టాను" అంది.

"ఎందుకు?"

"నీకు అలవాటవుతుందని." విప్పిన బూటు పక్కకి జరిపి, "ట్రాన్స్‌ఫర్ రాలేదే. వారం అయింది చెప్పి. ఈ ఏడుకి లేదన్నారు" అంది. నేను ఏడుస్తానని చూసింది. నాకు ఏడుపు రాలేదు. కాలవ దగ్గరే అయిపోయింది. అమ్మ ఒక కాలికి బూటుతోనే చాలాసేపు కూర్చుంది.

తర్వాత అన్నీ తొందరగా జరిగిపోయాయి. సెలవు మీద ఇండియా వెళుతున్న ఒక నర్సుకి నన్ను అప్పజెప్పడానికి ఏర్పాటైంది. బొమ్మ ఎండింది గాని లోపల దూది గడ్డలు కట్టి రాళ్ళలా అయింది. పట్టుకుంటే ఒక చోట ఎముకలా తగిలేది, ఇంకో చోట ఏమీ ఉండేది కాదు. అమ్మ దాన్ని టైలర్ మామ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన పొట్ట కుట్టు విప్పి గడ్డలు తీసి చూపించాడు.

"నేను ముందే గుడ్డముక్కలు పెడతానంటి గదమ్మా" అన్నాడు. బొమ్మని మాత్రం బోర్లా పడుకోబెట్టుకుని, ముఖం కనబడకుండా పని చేసుకున్నాడు. "రెండు దినాలు ఉంచిపోండి. ఈసారి నీళ్ళలో ఏసినా ఏం గాదు."

రెండు రోజులకి శుక్రవారం వచ్చింది. నా విమానం ఆ రోజే. శుక్రవారం పొద్దున బజారు మొత్తం మూసి ఉంటుంది, అందరూ నమాజుకి వెళతారు. అమ్మకి గాని ఆంటీకి గాని ఆ సంగతి ముందు తట్టలేదు. మా సెలవు మాకే గుర్తులేనంత హడావిడిలో ఉన్నారు. నాన్న టాక్సీ ఆపి కొట్టు తలుపు కొట్టి వచ్చాడు. రేకు షట్టరు, తాళం. లోపల ఎక్కడో నా బొమ్మ.

అమ్మకి ఆ రోజు డ్యూటీ మార్చుకోవడం కుదరలేదు. ఆసుపత్రి గేటు దాకా వచ్చింది, యూనిఫాంలోనే. "సెలవుకొచ్చినప్పుడు నేనే తెస్తాను, నా చేత్తో తెస్తాను" అంది. నేను ఆ మాటే పట్టుకుని టాక్సీ ఎక్కాను. నాన్న దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు. మస్కట్ సీబ్ విమానాశ్రయంలో ఆ నర్సుకి నా పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు, గోళ్ళ నలుపు అంటుతుందన్నట్టు చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఇచ్చాడు.

హాస్టల్లో పొద్దున్నే గంట కొట్టేవారు. వరసగా కూర్చుని అన్నం తినేవాళ్ళం. సాయంత్రం పాటలు పాడేవాళ్ళం. అమ్మ చెప్పినవన్నీ అక్కడ ఉన్నాయి. ఏడుపు మానేయడం మాత్రం ఆవిడ చెప్పినంత త్వరగా రాలేదు. అంతమంది పిల్లల మధ్య నేను తాళం వేసిన ఇంట్లో కంటే ఒంటరిగా ఉండేదాన్ని. పడుకునేముందు, నా బొమ్మ వస్తుంది అని చెప్పుకునేదాన్ని. అమ్మ వస్తుంది అని చెప్పుకోవడానికి భయం. అది పెద్ద కోరిక. బొమ్మయితే చిన్న కోరిక, దేవుడు కాదనడు అనుకున్నాను.

అమ్మకి సెలవు దొరకడానికి రెండేళ్ళు పట్టింది. వచ్చిన రోజు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. బెంచీ మీద ఎవరో సన్నటి ఆవిడ కూర్చుని ఉంది. జుట్టు ముందువైపు కొంచెం నెరిసింది. ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ఆవిడకి అది తెలిసింది. తెలియనట్టు నవ్వి, చేతులు చాచింది.

సంచిలోంచి ఒక్కొక్కటీ తీసింది. చాక్లెట్లు, పెన్సిళ్ళ డబ్బా, గౌన్లు, ఏలూరు ఆంటీ నా పేరు మీద పంపిన పాలపొడి డబ్బా. వార్డెనమ్మకి అత్తరు సీసా. సంచి ఖాళీ అయిపోయింది. నేను వంగి లోపలికి చూశాను.

"బొమ్మేది?" అన్నాను.

అమ్మ సంచి మడతపెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"అక్కడే ఉందిలే" అంది.

"టైలర్ మామ ఇవ్వలేదా?"

"ఇచ్చాడు. నువ్వెళ్ళిన మర్నాడే తెచ్చిచ్చాడు. బాగానే కుట్టాడు."

"మరి ఎందుకు తేలేదు? తెస్తానన్నావుగా."

"పెట్టెలో పెట్టానే." అమ్మ నా ముఖంలోకి చూడలేదు, నేల మీద చూసింది. "పెట్టి, పొద్దున మళ్ళీ తీసేశాను. ఆంటీ షిఫ్టుకి వెళ్ళిపోతే, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి రూమ్‌లో ఎవరో ఒకరు ఉండొద్దా."

నాకు పట్టరాని కోపం వచ్చింది. అది నాది, నా బొమ్మ. రెండేళ్ళు దాని పేరు చెప్పుకుని పడుకున్నాను. మధ్యాహ్నమంతా అమ్మతో మాట్లాడలేదు. అమ్మ పక్కన కూర్చుని నా జడలు విప్పింది, దువ్వింది, మళ్ళీ అల్లింది. బాగా రాలేదని విప్పి మొదటి నుంచి అల్లింది. ఊరు కాని ఊళ్ళో, ఏసీ మోతలో, తలుపు తీసుకుని లోపలికి వచ్చి ఈ మనిషి ఎవరితో మాట్లాడుతుంది అని నాకు మొదటిసారి అనిపించింది. ఒంటరిగా ఉన్నది నేనొక్కదాన్నే అనుకున్నాను అప్పటిదాకా. ఆవిడ డ్యూటీలో ఉందనుకున్నాను, అంతే.

సందర్శన వేళ అయిపోయిందని గంట కొట్టారు. అమ్మ లేచి, "వచ్చేసారి తప్పకుండా తెస్తాను. ఒట్టు" అంది.

"వద్దులే, నువ్వే ఉంచుకో" అన్నాను.

అమ్మ నిజంగానా అన్నట్టు చూసింది. నేను తల ఊపాను. అప్పుడు అమ్మ, అడిగింది చేతికి దొరికిన చిన్నపిల్లలా "సరే" అంది. ఆ ఒక్క మాటా అని, నా వైపు తిరిగి తిరిగి చూసుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది. అప్పటికి మా అమ్మకి ముప్ఫై దాటాయంతే. ఇప్పటి నాకంటే ఎంత చిన్నదో తలచుకుంటే, ఆ గేటు దగ్గరికి పరిగెత్తుకెళ్ళి ఆ పిల్లని వెనక్కి పిలవాలనిపిస్తుంది.